చిక్కబళ్ళాపురం సీమలో అతిథిగృహ నిర్మాణం: మట్టి మిద్దె చెప్పే పాఠం

నందికొండకు వచ్చే యాత్రికుల కోసం చుట్టుప్రక్కల వసతిగృహాలు పెరుగుతున్నవి. సిమెంటు గోడకు ఎర్రమట్టి రంగు పూసినంత మాత్రాన అది పల్లె ఇల్లు కాజాలదు. ఈ సీమ ఇల్లు ఎట్లా పనిచేస్తుందో ముందుగా తెలుసుకోవాలి.

2007లో కోలారు నుండి విడివడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో, ముఖ్యంగా బాగేపల్లి, చింతామణి తాలూకాలలో, ఎందరికో తెలుగే ఇంటిభాష. చిత్రావతి, పాపాఘ్ని, ఉత్తర పినాకిని నంది కొండల ప్రాంతంలోనే పుట్టినా ఇక్కడ ఏడాది పొడవునా పారే నది లేదు. కనుక ఇక్కడ ఇల్లు కట్టేవారు ఎండను, నీటిని ముందుగా లెక్కించవలసి ఉంటుంది.

ఎండకు జవాబు మిద్దె. దూలాల మీద దంతెలు పేర్చి, వాటిపై కంప, ఆకు పరచి, ఆపైన మందంగా మట్టి వేస్తారు. అన్నిటికంటె పైపొర చవుడు. తడిసినప్పుడు చవుటి మట్టిలోని సన్నని రేణువులు విడివడి రంధ్రాలను పూడుస్తవి. అందువల్ల నీరు లోపలికి దిగదు. మట్టి మందం పగటి వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది. అయితే వానలకు ముందు చవుడు మళ్ళీ వేయాలి. ఆ పని తెలిసిన కూలికి ఏటా పని ఇవ్వని యజమాని మిద్దె కట్టకపోవడమే మేలు.

నీటికి రాతిబండల కప్పు అనుకూలం. 100 చదరపు మీటర్ల కప్పుపై ఏడాదిలో 700 మిల్లీమీటర్ల వాన పడితే 70,000 లీటర్లు. అందులో 80 శాతం పట్టగలిగినా 56,000 లీటర్లు. రోజుకు 100 లీటర్లు వాడే అతిథికి 560 రోజుల నీరు. కనుక పడక గదులకు మిద్దె, స్నానపు గదులకు, వంటింటికి బండకప్పు తగినవి. కొత్తగా కొండ తొలవకుండా, పడగొట్టిన ఇండ్ల బండలనే వాడుకోవచ్చు.

ఇందులో భాషకు సంబంధించిన విషయం కూడ ఉన్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశాలలో వాస్తుపదాల సంపుటాన్ని బూదరాజు రాధాకృష్ణ సంకలనం చేశారు. ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలది. సరిహద్దుకు ఇవతలి తెలుగు పనివారి మాటలు అందులోకి రాలేదు. మిద్దె పోతే దంతె అనే మాటతో పని ఉండదు. ఒక్క అతిథిగృహాన్నయినా ఇక్కడి పనివారిచేత కట్టించి, వారు వాడిన ప్రతి మాటను వ్రాసిపెట్టుకుంటే, ఇంటితోపాటు ఆ మాటలు కూడ నిలుస్తవి.