విత్తన నిల్వ గదిలో నీటి హీట్ పంపు: నిర్వహణ, లోప నిర్ధారణ

ఉల్లి, వేరుశనగ వంటి విత్తనాలు నిల్వలో త్వరగా మొలకశక్తిని కోల్పోతాయి. నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే విత్తన జీవితకాలం రెట్టింపవుతుందని, తేమ ఒక శాతం తగ్గినా అంతే ఫలితం ఉంటుందని హారింగ్టన్ సూత్రం తెలుపుతుంది. దీనిని తిరగవేసి చూస్తే గది 15 నుంచి 25 డిగ్రీలకు చేరినప్పుడు విత్తనం నాలుగు రెట్ల వేగంతో ముసలిదవుతుంది. ఒక వేసవిలో నేను చూసిన విత్తన గదిలో సరిగ్గా ఇదే జరిగింది. చల్లదనం తగ్గిందని మెకానిక్‌ను రెండు పర్యాయాలు పిలిచారు, రెండు పర్యాయాలూ గ్యాసు నింపారు. మూడవసారి కండెన్సర్ విప్పగా గొట్టాల లోపల సున్నపు పొర కనిపించింది. అప్పటికే పాత ఉల్లి విత్తనపు లాట్ ఒకటి ధృవీకరణకు అవసరమైన 70 శాతం మొలకకు దిగువకు పడిపోయింది. యంత్రం బాగుపడింది గాని ఆ లాట్ తిరిగి రాలేదు.

హీట్ పంపు వేడిని పుట్టించదు, ఒక చోటి వేడిని తీసి మరొక చోట వదులుతుంది. చలి దేశాలలో బావినీటి నుంచి వేడిని తీసి ఇంటికి ఇస్తుంది. మన విత్తన గదులలో అదే చక్రం గదిలోని వేడిని తీసి నీటికి ఇస్తుంది. మే నెల గాలి 43 డిగ్రీలున్నా బోరునీరు 28 డిగ్రీల సమీపంలోనే ఉండటం దీనికున్న గొప్ప సౌలభ్యం. అయితే ఆ నీరే దీని బలహీనత కూడా. మన బోరునీటిలో కాల్షియం బైకార్బనేట్ అధికం. నీరు వేడెక్కగానే కార్బన్ డయాక్సైడ్ వెలువడి, కాల్షియం కార్బనేట్ గొట్టపు గోడకు పేరుకుంటుంది. డ్రిప్పు ఉద్గారకాలను మూసివేసే తెల్లని పదార్థం ఇదే. కనుక ఈ యంత్రపు ఆరోగ్యాన్ని పరీక్షించేటప్పుడు గ్యాసు కంటే ముందు నీటిని చూడాలి.

ఇందుకు రెండు తేడాలను గమనించాలి. కండెన్సర్‌లోకి వచ్చే నీటికి, బయటికి పోయే నీటికి మధ్య ఉష్ణోగ్రతలో ఉండేది మొదటి తేడా. పీడన మీటరు సూచించే ఘనీభవన ఉష్ణోగ్రతకు, బయటికి పోయే నీటికి మధ్య ఉండేది రెండవ తేడా. ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు టన్నుల యంత్రం గది నుంచి సుమారు 7 కిలోవాట్ల వేడిని తీస్తుంది. కంప్రెసర్ వాడే 2 కిలోవాట్లు కూడా కలిసి 9 కిలోవాట్లు నీటికి చేరతాయి. నీరు 5 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే నిమిషానికి సుమారు 26 లీటర్లు పారాలి. ఆర్-134ఎ శీతలకం గల యంత్రంలో నీరు 28 డిగ్రీల వద్ద వచ్చి 33 వద్ద పోతూ, మీటరు 8.6 బార్ చూపుతోందనుకుందాం. అది 38 డిగ్రీల ఘనీభవనానికి సమానం. రెండు తేడాలూ 5 డిగ్రీల చొప్పున ఉన్నాయి, యంత్రం ఆరోగ్యంగా ఉంది.

కొన్నాళ్ళకు పీడనం పెరిగిందనుకుందాం. మొదటి తేడా 10కి పెరిగి, రెండవది దాదాపు 5 వద్దనే ఉంటే నీటి ప్రవాహం సగానికి తగ్గింది. స్ట్రెయినర్‌లో ఇసుక, సగం తెరిచిన వాల్వు, బోరులో మట్టం పడిపోవడం, పంపు ఇంపెల్లర్ అరగడం, వీటిలో ఒకటి కారణం. మొదటి తేడా 5గానే ఉండి మీటరు 11.5 బార్ చూపితే ఘనీభవనం 48 డిగ్రీలకు చేరినట్లు, అంటే రెండవ తేడా 15. నీరు పారుతోంది, కానీ వేడి గోడ దాటడం లేదు. ఇది చాలావరకు సున్నపు పొర. ఘనీభవన ఉష్ణోగ్రత పెరిగిన ప్రతి డిగ్రీకి కంప్రెసర్ విద్యుత్తు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది, గది మాత్రం చల్లబడదు.

శీతలకంలో గాలి చేరినా, గ్యాసు అధికంగా నింపినా రెండవ తేడా పెరుగుతుంది. గాలిని గుర్తించడానికి ద్రవ గొట్టపు వాల్వు మూసి శీతలకాన్ని కండెన్సర్‌లోకి చేర్చి, కంప్రెసర్ ఆపి, నీటిని పారనివ్వాలి. వచ్చే నీరు, పోయే నీరు సమానమయ్యాక 28 డిగ్రీల నీటికి మీటరు దాదాపు 6.3 బార్ చూపాలి. స్పష్టంగా ఎక్కువ చూపితే లోపల గాలి ఉన్నట్లే. ఈ పరీక్షను శిక్షణ పొందిన మెకానిక్‌తో చేయించాలి.

చూషణ పీడనం తగ్గినప్పుడు కూడా తొందరపాటు పనికిరాదు. ఎవాపరేటర్ నుంచి కంప్రెసర్‌కు పోయే గొట్టపు ఉష్ణోగ్రత, చూషణ పీడనానికి సరిపడే ఆవిరి ఉష్ణోగ్రత కంటే సాధారణంగా 5 నుంచి 8 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఇది 15 దాటితే గ్యాసు తగ్గి ఉండవచ్చు. 2, 3 డిగ్రీలకే పరిమితమైతే గ్యాసు తగ్గలేదు, గాలి ఆడటం లేదు. ఫిల్టరులో పొట్టు, ధూళి చేరి ఉంటాయి, లేదా కాయిల్‌పై మంచు కట్టి ఉంటుంది. శిలీంద్రనాశినితో శుద్ధి చేసిన విత్తనపు గదిలో ఫిల్టరు దులిపేటప్పుడు ముసుగు, చేతి తొడుగులు తప్పనిసరి. గ్యాసు డీజిలు వంటిది కాదు, మూసిన వలయంలో అది ఖర్చు కాదు. తగ్గిందంటే కారిందని అర్థం. కారిన చోటు వెదకకుండా నింపే ప్రతి సిలిండరూ వృథా.

స్ట్రెయినర్‌ను వారానికొకసారి, కొత్త బోరైతే మొదటి నెలలో రోజూ శుభ్రం చేయాలి. కూలింగ్ టవర్ ద్వారా అదే నీటిని తిప్పే పద్ధతిలో మరొక జాగ్రత్త అవసరం. ఆవిరైన నీరు లవణాలను వెనుక వదిలిపోతుంది. మన భూసార ప్రయోగశాలలోని ఈసీ మీటరే ఇక్కడ అక్కరకు వస్తుంది. పోసే నీరు 0.8 డెసీసైమన్లు ఉండి తొట్టిలోనిది 3.2 ఉంటే లవణాలు నాలుగింతలైనట్లు. అప్పుడు తొట్టి నీటిని కొంత వదిలి కొత్త నీరు చేర్చాలి. నీటి కాఠిన్యం ఎంత ఎక్కువైతే అంత త్వరగా ఈ పని చేయాలి.

పొర కరిగించడానికి డ్రిప్పులో వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని నేరుగా ఇక్కడ పోయడం రాగి గొట్టాలకు ముప్పు. క్షయ నిరోధకం కలిపిన పలుచని సల్ఫామిక్ ఆమ్లం మేలు. ఇదీ జింకును తినివేస్తుంది కనుక గాల్వనైజ్డ్ గొట్టాల నుంచి కండెన్సర్‌ను వాల్వులతో వేరుచేసి, విద్యుత్తు నిలిపి, చిన్న పంపుతో ద్రావణాన్ని తిప్పాలి. ఆమ్లాన్ని నీటిలో కలపాలి, నీటిని ఆమ్లంలో పోయరాదు. వెలువడే గాలికి దారి ఉంచాలి. బుడగలు ఆగాక పీహెచ్ కాగితంతో చూడాలి. ఆమ్లత్వం ఇంకా ఉంటే కరిగేది అయిపోయినట్లు, తగ్గితే ద్రావణం మార్చాలి. తరువాత వంటసోడా నీటితో తటస్థపరిచి, మంచినీటితో కడగాలి. ఆ నీటిని పొలం కాలువలోకి వదలరాదు.

కడిగిన మరుసటి రోజు రెండు తేడాలను మళ్ళీ కొలిచి, యంత్రం కొత్తగా బిగించిన నాటి అంకెల పక్కన పుస్తకంలో రాయాలి. రెండవ తేడా ఆనాటి విలువకు దగ్గరగా రాకపోతే గాలి పరీక్షకు మెకానిక్‌ను పిలవాలి.