నూరేళ్ల న్యూఢిల్లీకి ఒకే వేదిక వద్దు

1931 ఫిబ్రవరి 13న వైస్రాయ్ ఇర్విన్ న్యూఢిల్లీని లాంఛనంగా ప్రారంభించాడు. అంటే 2031 ఫిబ్రవరికి ఆ నగరానికి నూరేళ్లు నిండుతాయి. ఇప్పటినుంచే తొందరెందుకు అనేవాళ్లు 2011ని గుర్తు చేసుకోవాలి. 1911 డిసెంబరు 12న ఐదో జార్జి రాజధాని మార్పును ప్రకటించిన దర్బారు మైదానమే బురాడీ దగ్గరి కారొనేషన్ పార్కు. ఒకప్పుడు ఇండియా గేటు పక్క మండపంలో నిలబడిన ఆయన పాలరాతి విగ్రహం ఇప్పుడు అక్కడే ఉంది. ప్రకటనకు వందేళ్లు నిండేనాటికి ఆ పార్కును తీర్చిదిద్దాలనుకున్నారు. తేదీ వచ్చింది గానీ పనులు పూర్తికాలేదు. ఈసారి అలా కాకూడదు. ముందుగా తేల్చుకోవలసింది బడ్జెట్టు కాదు, పండుగ ఎక్కడన్నది. ఒకేచోట మహావేదిక కట్టడం మానేసి, ఈ శతాబ్ది ఉత్సవాన్ని పేటపేటకూ పంచాలి.

ఇంత పెద్ద ఉత్సవం అనగానే కళ్లు యమున వైపు వెళతాయి. నడిబొడ్డున అంత ఖాళీ నేల మరెక్కడా లేదు మరి. అయితే అది ఖాళీ నేల కాదు, నది పొంగినప్పుడు పరుచుకునే చోటు. 2023 జులైలో పాత ఇనుప వంతెన దగ్గర నీటిమట్టం 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటేసింది. ఎర్రకోట వెనుక గోడ దాకా నీళ్లొచ్చాయి. షాజహాన్ కాలంలో నది పారింది ఆ గోడ పక్కనే. ఫిబ్రవరిలో వరద రాదు కదా అంటే, నిజమే. కానీ వేదిక విప్పేశాక కూడా చదును చేసిన నేల అలాగే మిగిలిపోతుంది. 2016 మార్చిలో అక్కడ మూడు రోజుల ప్రపంచ సాంస్కృతిక ఉత్సవం జరిగింది. ఆ నేల గట్టిపడి దెబ్బతిన్నదనీ, కోలుకోవడానికి పదేళ్లు, 42 కోట్ల రూపాయలు పట్టవచ్చనీ జాతీయ హరిత ట్రైబ్యునల్ నియమించిన నిపుణులు చెప్పారు. నిర్వాహకులు దాన్ని ఒప్పుకోలేదు. ఎవరి మాట ఎలా ఉన్నా, అంత వివాదమున్న నేలను మళ్లీ చదును చేయడం తగని పని.

రెండో కారణం జనం. ఇది తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజే, రాజమహేంద్రవరంలో తొక్కిసలాట పాతికమందికి పైగా ప్రాణాలు తీసింది. ఊళ్లో వేరే ఘాట్లు లేక కాదు, అందరూ ఒక్క పుష్కర ఘాట్‌కే రావడం వల్ల. ఢిల్లీకీ ఈ అనుభవం ఉంది. 2025 ఫిబ్రవరి 15 రాత్రి కుంభమేళాకు బయల్దేరిన ప్రయాణికులు న్యూఢిల్లీ స్టేషన్‌లో నలిగిపోయి 18 మంది చనిపోయారు. పోలీసుల్ని పెంచితే చాలదు. జనం ఒకేచోటికి రావాల్సిన అవసరమే లేకుండా చూడాలి.

ముక్కలు ముక్కలుగా చేస్తే వైభవం ఏముంటుంది అనే ఆక్షేపణ తేలికైనది కాదు. రాజధాని పండుగంటే దేశమంతా చూస్తుంది. ఆ వైభవానికి కర్తవ్యపథ్‌లో ఏటా జనవరి 26న కవాతు ఉండనే ఉంది. శతాబ్ది నగరవాసులది కావాలి. అసలు తెల్లదొరల నగరానికి మనం పండుగ చేయడమేమిటన్నది ఇంకా బలమైన ప్రశ్న. ఇర్విన్ కోసమైతే చేయనక్కర్లేదు. కానీ ఈ నగరం కోసం రైసినా, మాల్చా గ్రామాలు భూములు పోగొట్టుకున్నాయి, రాజస్థాన్ కూలీలు రాళ్లు మోశారు. నగరానికి రూపమిచ్చిన వాస్తుశిల్పులు లుట్యెన్స్, బేకర్‌ల పేర్లు వీధివీధినా వినిపిస్తాయి, వీళ్ల సంగతి ఎక్కడా వినపడదు. రాజ్యాంగాన్ని రాసింది ఈ నగరంలోనే. రాజ్యాంగ సభలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, దుర్గాబాయి వంటి తెలుగు నేల మీద పుట్టినవాళ్లున్నారు. దుర్గాబాయి చొరవతో 1948లో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు ఢిల్లీలో నేటికీ నడుస్తున్నాయి. అలాంటి బడి ఆవరణలో జరిగే సభ ఏ మహావేదికకూ తీసిపోదు.

మరి నదిని పక్కన పెట్టేయాలా? అక్కర్లేదు. వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా ఉన్న 22 కిలోమీటర్లు యమున పొడవులో 2 శాతం కూడా కాదు. నది కాలుష్యంలో ముప్పావు వంతు మాత్రం అక్కడే కలుస్తుందంటారు. చలికాలంలో అమోనియా పెరిగి నీటిశుద్ధి ప్లాంట్లు ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వస్తోంది. అందుకే దీపాల అలంకరణకు పెట్టే డబ్బును యమునలో కలిసే నజఫ్‌గఢ్ నాలాలోకి దిగే మురుగును ఆపడానికి పెట్టాలి. ఆ పని ఒక్క ఫిబ్రవరిలో అయ్యేది కాదు, అందుకే ఇప్పుడే మొదలుకావాలి. 2031 ఫిబ్రవరి 13 గురువారం. ఆదివారం దాకా నాలుగు రోజుల పాటు మెహ్రౌలీ నుంచి షాహ్‌దరా దాకా పేటలు వంతులు వేసుకోవచ్చు. నోయిడా, గురుగ్రామ్ కూడా కలవచ్చు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలొస్తున్నాయి. ఢిల్లీ అధికారులు అప్పుడు రాజమహేంద్రవరం వచ్చి, జనాన్ని ఘాట్లకు ఎలా పంచుతున్నారో దగ్గరుండి చూడాలి. వాళ్లను రమ్మని ఢిల్లీ తెలుగు సంఘాలే పిలవాలి.