అనూరునికి అందిన పగ్గాలు

శ్రీ మహానందీశ్వరస్వామివారి దర్శనానికి విచ్చేసే భక్తులు దానధర్మాలను కూడా తమ యాత్రలో భాగంగానే భావిస్తారు. నడవలేనివారు, చూపులేనివారు ఎదురైతే ఎంతో కొంత చేతిలో పెట్టి ముందుకు సాగుతారు. ఆ కరుణ ఎంతో విలువైనది. అది మరింత స్థిరమైన ఫలాన్ని ఏ విధంగా ఇవ్వగలదో ఇక్కడ వివరించదలచాను.

సూర్యభగవానుని రథసారథి అనూరుడు కశ్యప ప్రజాపతికి, వినతాదేవికి పుత్రుడు. కాలం పరిపక్వం కాకమునుపే తల్లి అండాన్ని పగులగొట్టినందువల్ల ఊరువులు లేకుండా జన్మించాడు. అతనికి దక్కినది భిక్ష కాదు, సారథ్యం. గుఱ్ఱాలను నడపడానికి కావలసినవి చేతులు, ఏకాగ్రత. అవి అతనికి పుష్కలంగా ఉన్నాయి. లేనిదానిని ఎంచక, ఉన్నదానిని గుర్తించి పని అప్పగించడమే ఈ కథలోని ధర్మసూక్ష్మమని నేను భావిస్తాను.

మన రాయలసీమలో ఈ ధర్మానికి చక్కని నిదర్శనం ఉన్నది. వర్షాభావ ప్రాంతమైన అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ దంపతుల కృషితో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆరంభమైంది. మెట్టసేద్యమే ఆధారమైన పల్లెలలో వేరుశనగ పీకడం, కలుపు తీయడం వంటి కూలిపనులకు వెళ్ళలేని స్త్రీకి వేరే జీవనాధారం దొరకడం కష్టం. ఆ సంస్థ దివ్యాంగుల కోసం ప్రత్యేక కార్యక్రమాలు చేపట్టి, హస్తకళా కేంద్రాలను కూడా నెలకొల్పింది. అక్కడ దివ్యాంగ మహిళలు తయారుచేసిన వస్తువులు స్పెయిన్ దేశం వరకు వెళ్ళి అమ్ముడవుతున్నాయి.

ఇటువంటి కార్యశాల ఏ విధంగా నడుస్తుందో ఒక జనపనార సంచిని ఉదాహరణగా తీసుకొని చూద్దాం. కొలవడం, కత్తిరించడం, కుట్టడం, పిడులు అమర్చడం, లెక్కించి కట్టలు కట్టడం అని ఆ పనిని విభజించవచ్చును. కాళ్ళలో బలం లేనివారికి తొక్కుడు మిషను బదులు చేతితో నడిచే మిషను అమర్చాలి. చక్రాల కుర్చీకి తగిన ఎత్తులో బల్ల ఉండాలి. వినికిడి లేనివారికి నోటిమాటకు బదులు నమూనాను, సైగలను ఉపయోగించాలి. చూపులేనివారు కొలబద్దను తడిమి కొలతను సరిచూడగలరు. మార్చవలసినది పని జరిగే తీరునే గాని, పని నాణ్యతను కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అవసరాన్ని బట్టి ఇటువంటి సర్దుబాట్లు చేసే బాధ్యతను ప్రభుత్వ సంస్థలపై ఉంచింది.

మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జులై నుండి నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. అది ఆకలిని ఆపగలదు. స్వార్జితమైన వేతనమైతే ఆకలిని ఆపడమే గాక, ఇంటి నిర్ణయాలలో ఆమె మాటకు బలాన్ని కూడా ఇస్తుంది.

కనుక భక్తులకు నా విన్నపం ఒక్కటే. వ్రతానికో, వివాహానికో సంచులు, వత్తులు, వస్త్రాలు కావలసివచ్చినప్పుడు ముందుగా దివ్యాంగుల కార్యశాలలను విచారించండి. జాలితో కొనవద్దు. కుట్టు పరీక్షించండి, బాగుంటే బేరమాడక వెల చెల్లించి, మరల కొనండి. లోపముంటే నిస్సంకోచంగా చెప్పండి. పనివారికి చూపే గౌరవం అదే.

మహానంది కోనేటి నీరు భక్తుల స్నానంతోనే ఆగిపోదు. ఆలయం వెలుపలికి పారి అరటితోటలను పండిస్తుంది. మన దానం కూడా అట్లే ఒకరి చేతికి పనియై, ఆ ఇంట పంటగా మారాలి.