మీకు తెలుసా? పూర్తికాని సినిమాకే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు

డిస్నీ వారి ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ 1991 నవంబరులో విడుదలైంది. అంతకు రెండు నెలల ముందే న్యూయార్క్ చలనచిత్రోత్సవంలో దాన్ని అసంపూర్తిగా ప్రదర్శించారు. అప్పటికి పూర్తయింది దాదాపు 70 శాతమే. మిగతా చోట్ల రంగులు పడని పెన్సిల్ గీతలు, స్టోరీబోర్డు బొమ్మలు. అయినా ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ సినిమా ప్రాణం బొమ్మల నునుపులో లేదు, పాటల్లో ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పాటల్లేకుండా లండన్‌లో మొదలైన ఈ సినిమా తొలి రూపాన్ని స్టూడియో 1989లో పక్కన పెట్టేసింది. గీత రచయిత హోవర్డ్ ఆష్‌మన్, స్వరకర్త అలన్ మెంకెన్ వచ్చాకే కథ గాడిన పడింది. కోటలోని కొవ్వొత్తి స్తంభానికీ, గడియారానికీ, టీపాట్‌కూ మాటా మనసూ ఇవ్వాలన్నది ఆష్‌మన్ ఆలోచనే.

కంప్యూటర్‌తో తీర్చిన నాట్యశాల సంగతేమిటని అడగవచ్చు. నిజమే, షాండ్లియర్ పక్కగా దిగి నాట్యం చేసే జంట చుట్టూ తిరిగే కెమెరా చూపు అప్పటికి కొత్త వింత. కానీ ఆ తిరుగుడుకు ప్రేమ అనే అర్థాన్ని ఇచ్చింది ఆంజెలా లాన్స్‌బరీ గొంతులోని పాట. ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయిన తొలి యానిమేషన్ చిత్రం ఇదే. గెలిచిన రెండు అవార్డులూ సంగీతానికీ, పాటకూ వచ్చినవే. ఎయిడ్స్‌తో ఆష్‌మన్ 1991 మార్చిలోనే, నలభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పాటకు దక్కిన ఆస్కార్ మరణానంతరం వచ్చింది.