రెడ్ కార్డుల పెపె... రికార్డుల పెపె

కుర్రతనంలో కోపంతో వార్తల్లోకెక్కాడు. నలభైకి చేరువయ్యాక రికార్డులతో ఎక్కాడు. 2024 ఆగస్టులో ఆటకు సెలవు చెప్పిన పోర్చుగల్ ఫుట్‌బాల్ డిఫెండర్ పెపె కథలో వింతలకు కొదవ లేదు.

పేరులో ఇద్దరు శాస్త్రవేత్తలు
పెపె అన్నది ముద్దుపేరు. అసలు పేరు కెప్లర్ లావెరాన్ డి లిమా ఫెరేరా. గ్రహాల గమన సూత్రాలు చెప్పిన యొహానెస్ కెప్లర్, మనిషి రక్తంలో మలేరియా క్రిమిని కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ - ఈ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. లావెరాన్ కనిపెట్టిన ఆ క్రిమినే 1897లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో చూశాడు. చూసింది మన సికింద్రాబాద్‌లోనే!

పుట్టింది ఒకచోట, ఆడింది ఇంకొకరికి
1983 ఫిబ్రవరి 26న బ్రెజిల్‌లోని మసేయో నగరంలో పుట్టాడు. 18 ఏళ్లకు మదీరా దీవిలోని మారితిము క్లబ్బులో చేరాడు. 2007లో పోర్చుగల్ పౌరసత్వం తీసుకుని, అదే ఏడాది జాతీయ జట్టులోకి వచ్చాడు. ఆ జెర్సీతో 141 మ్యాచ్‌లు ఆడి 8 గోల్స్ కొట్టాడు.

ఒక్క మ్యాచ్‌కు పది మ్యాచ్‌ల శిక్ష
2009 ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్ తరఫున ఆడుతూ, కింద పడిన గెటాఫె ఆటగాడు కాస్కెరోను కాలితో తన్నాడు. పది మ్యాచ్‌ల నిషేధం పడింది. 2014 ప్రపంచకప్‌లో జర్మనీ ఆటగాడు ముల్లర్‌ను తలతో గుద్ది 37వ నిమిషంలోనే రెడ్ కార్డుతో బయటికి నడిచాడు. ఆ మ్యాచ్‌లో పోర్చుగల్ 0-4తో చిత్తయింది.

రొనాల్డో లేని ఫైనల్లో హీరో
2016 యూరో ఫైనల్. ఫ్రాన్స్‌తో పోరులో రొనాల్డో గాయపడి 25వ నిమిషంలోనే వెళ్లిపోయాడు. ఆతిథ్య జట్టును పోర్చుగల్ రక్షణ శ్రేణి ఒక్క గోలూ కొట్టనివ్వలేదు. అదనపు సమయంలో ఎడెర్ గోలుతో పోర్చుగల్ మొదటిసారి యూరో కప్పు అందుకుంది. 'మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్' మాత్రం గోలు కొట్టినవాడికి కాదు, గోల్స్ అడ్డుకున్న పెపెకు దక్కింది.

మిల్లా తర్వాత పెపెనే
2022 ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్‌పై కార్నర్‌కు ఎగిరి తలతో గోలు కొట్టాడు. అప్పటికి వయసు 39 ఏళ్ల 283 రోజులు. ప్రపంచకప్ గోల్ వీరుల్లో ఆనాటికి అతనికంటే పెద్దవాడు ఒక్కడే - 1994లో 42 ఏళ్ల వయసులో కొట్టిన కామెరూన్ ఆటగాడు రోజర్ మిల్లా.

తన రికార్డును తానే
ఛాంపియన్స్ లీగ్‌లో అతిపెద్ద వయసులో గోలు కొట్టిన ఘనత 2023 దాకా ఇటలీ ఆటగాడు టొట్టిది. 38 ఏళ్ల 59 రోజులు. 2023 నవంబరులో పోర్టో క్లబ్బు తరఫున యాంట్‌వర్ప్‌పై గోలు కొట్టి దాన్ని పెపె చెరిపేశాడు. వయసు 40 ఏళ్ల 254 రోజులు. డిసెంబరులో షఖ్తర్‌పై మరొకటి కొట్టి ఆ అంకెను 290 రోజులకు జరిపాడు.

పెద్దవాడు, పిన్నవాడు
2024 యూరోలో చెక్ రిపబ్లిక్‌పై ఆడేనాటికి పెపెకు 41 ఏళ్ల 113 రోజులు. యూరో చరిత్రలో అంత వయసువాడు అంతకుముందు ఆడలేదు. స్పెయిన్ కుర్రాడు లమీన్ యమాల్ అతిపిన్న వయస్కుడిగా రికార్డు రాసిందీ ఆ టోర్నీలోనే. పెపె రియల్ మాడ్రిడ్‌లో చేరింది 2007 జులైలో, యమాల్ పుట్టిందీ ఆ నెలలోనే!

కోచ్ కొడుకుతో జోడీ
ఆ చెక్ మ్యాచ్‌ను చివరి క్షణాల్లో గెలిపించింది ఫ్రాన్సిస్కో కొన్సెయ్‌సావ్. పోర్టోలో పెపెకు కోచ్‌గా ఉన్న సెర్జియో కొన్సెయ్‌సావ్ కొడుకితను. పెపె పోర్చుగల్‌లో అడుగుపెట్టేనాటికి ఇతను పుట్టనే లేదు.

ఆఖరి ఆట
2024 జులై 5న హాంబర్గ్‌లో ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్. పోర్చుగల్ ఓడింది పెనాల్టీ షూటౌట్‌లోనే. అంతకుముందు 120 నిమిషాల ఆటలో ఫ్రాన్స్‌కు ఒక్క గోలూ దొరకలేదు. 41 ఏళ్ల డిఫెండర్‌కు ఇంతకన్నా గౌరవమైన వీడ్కోలు ఉండదు.