తాతల నాటి చట్టం

అమెరికాలో వలసల మీద వాదన మొదలైతే చాలు, ఒక మాట వచ్చి తీరుతుంది. ‘మా తాతలూ బయటినుంచి వచ్చినవాళ్లే. కాకపోతే చట్టప్రకారం వచ్చారు. వీళ్లూ అలాగే రావచ్చుగా?’ ఐర్లండ్, ఇటలీ, పోలండ్ మూలాలున్న కుటుంబాల్లో ఎన్నాళ్లుగానో ఉన్న మాట ఇది. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన తెలుగువాళ్లలోనూ కొందరు ఇప్పుడు ఇదే అంటున్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఇమ్మిగ్రేషన్ లాయర్ల దగ్గరికి ఇవాళ వచ్చే కేసులనూ ఆ తాతల కాలం నాటి చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట నిలబడదు. ఆ తాతల్లో చాలామందికి అతిక్రమించడానికి చట్టమంటూ దాదాపు లేదు. చట్టం వచ్చాక అతిక్రమించినవాళ్లను అదే దేశం క్షమించింది.

న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలండ్ కేంద్రం 1892లో తెరుచుకుని 1954లో మూతపడింది. ఈలోగా కోటీ 20 లక్షల మంది అక్కడికి చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా యూరప్ మనిషికి వీసా అక్కర్లేదు, ఓడ టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. దిగినవాళ్లు మూటాముల్లెతో మెట్లెక్కుతుంటే ఎవరు ఆయాసపడుతున్నారో, ఎవరు కుంటుతున్నారో డాక్టర్లు గమనించేవాళ్లు. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవాళ్లు. కంటిజబ్బు ఉందేమోనని బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెంతో రెప్ప తిరగేసి చూసేవాళ్లు. ఆ తర్వాత పేరేమిటి, చేతిలో డబ్బెంత, ఎవరి దగ్గరికి వెళ్తున్నావు వంటి ప్రశ్నలు. చాలామందికి కొన్ని గంటల్లో పని అయిపోయేది. తిప్పి పంపింది నూటికి సుమారు ఇద్దరిని. అదే దేశం చైనా కూలీలకు 1882లోనే తలుపు మూసింది. 1917లో భారతదేశంతో సహా ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది.

చట్టప్రకారం నడుచుకున్నంత మాత్రాన భద్రత ఉంటుందా? సఖారామ్ గణేశ్ పండిట్ కథ చూడండి. భారతదేశం నుంచి వెళ్లిన ఈయన 1914లో కోర్టు ఉత్తర్వుతో అమెరికా పౌరుడై, కాలిఫోర్నియాలో లాయరయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కోసం సుప్రీంకోర్టులో వాదించింది ఈయనే. బయటినుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకూ ఆఫ్రికా సంతతివాళ్లకూ మాత్రమే పౌరసత్వం దక్కే కాలమది. తెల్లవాడంటే కాకేసియన్ అని 1922 నవంబరులో, జపాన్‌కు చెందిన తకావో ఒజావా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆనాటి జాతిశాస్త్రం ఉత్తర భారతీయులను కాకేసియన్లలోనే లెక్కేసేది కాబట్టి థింద్‌కు అది ఆధారమైంది. 1923 ఫిబ్రవరిలో థింద్ కేసులో అదే కోర్టు మాట మార్చింది. శాస్త్రం సంగతి అటుంచి, మామూలు జనం ఎవరిని తెల్లవాడనుకుంటారన్నదే ముఖ్యమంది. ఈ రెండు తీర్పులూ రాసిన జస్టిస్ జార్జ్ సదర్లాండ్ ఇంగ్లండ్‌లో పుట్టి పసితనంలో అమెరికా చేరినవాడే.

ఆ తీర్పు పట్టుకుని ప్రభుత్వం అప్పటికే పౌరులైన భారతీయుల మీద పడింది. పండిట్‌కూ నోటీసు వచ్చింది. పౌరసత్వం పోతే ఆయన వృత్తీ ఆస్తీ చిక్కులో పడతాయి, అమెరికన్ అయిన భార్య పౌరసత్వానికీ ముప్పే. 1914లో ఒక కోర్టు తేల్చిన విషయాన్ని, అప్పట్లో అప్పీలు కూడా చేయని ప్రభుత్వం ఇప్పుడు తిరగదోడడం కుదరదని ఆయన వాదించి, 1926లో అప్పీలు కోర్టులో గెలిచారు. క్లయింటు కోసం గెలవలేకపోయిన లాయరు తన కేసు గెలిచారు. అప్పటికే ఎందరో భారతీయులు పౌరసత్వం పోగొట్టుకున్నారు. వీళ్లెవరూ దొంగచాటుగా వచ్చినవాళ్లు కారు.

ఇక రెండో వైపు. 1924 కోటా చట్టం ఇటలీ, పోలండ్ వంటి దేశాల నుంచి వచ్చేవాళ్లను బాగా తగ్గించేసింది. అయినా జనం ఆగలేదు. కెనడా మీదుగా కొందరు, రేవులో ఓడ దిగి తిరిగి ఎక్కకుండా కొందరు వచ్చి స్థిరపడ్డారు. 1929లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 1921 జూన్ 3కు ముందు వచ్చి (ఈ తేదీని తర్వాత ముందుకు జరుపుతూ వచ్చారు), ప్రవేశ రికార్డు లేకుండా ఉంటున్న మంచి నడవడిక గల మనిషి 20 డాలర్లు కట్టి తన రాకను సక్రమం చేయించుకోవచ్చు. తర్వాతి పదేళ్లలో లక్షకు పైగా జనం దీన్ని వాడుకున్నారు, ఎక్కువమంది యూరప్, కెనడా వాళ్లే. అనుమతి లేకుండా సరిహద్దు దాటడాన్ని నేరం చేసిన చట్టమూ అదే వారం వచ్చింది. దాని దెబ్బ ఎక్కువగా మెక్సికన్ల మీద పడింది. నా దృష్టిలో ఆ 20 డాలర్ల చట్టం చాలా మంచిది. వేళ్లూనుకున్న మనిషిని పీకి పారేయడం కంటే కాగితం ఇచ్చి కలుపుకోవడం మేలని అది గుర్తించింది. కాకపోతే ఆ మేలు పొందిన కుటుంబాల్లో అది గుర్తుండాలి.

ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందంటారు. ఉంది, కాదనలేం. వరుసలో నిలబడినవాళ్లను దాటుకుని రావడం అన్యాయం కదా అంటారు. ఇక్కడే చిక్కంతా. డిగ్రీ లేని కూలీకి, అక్కడ దగ్గరి బంధువులు లేనివాడికి లాయరు చాలాసార్లు చెప్పాల్సిన జవాబు ‘నీకు ఏ వరుసా లేదు’ అనే. నైపుణ్యం అక్కర్లేని పనులకు ప్రపంచం మొత్తానికీ కలిపి ఏడాదికిచ్చే గ్రీన్‌కార్డులు 10 వేలు మించవు. వరుస ఉన్నవాళ్ల సంగతి తెలుగు ఇళ్లకు చెప్పక్కర్లేదు. భార్యాబిడ్డలతో కలిపి ఏడాదికి దాదాపు లక్షా 40 వేల ఉద్యోగ గ్రీన్‌కార్డులు, సాధారణంగా ఏ దేశానికీ 7 శాతం దాటవు. ప్రతినెలా వీసా బులెటిన్ రాగానే ‘డేట్ కదిలిందా’ అన్నదే ప్రశ్న. అది కదిలేలోపు పిల్లలకు 21 దాటి, తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతున్నారు.

జీతాలు పడిపోతాయన్న భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అమెరికా జాతీయ సైన్స్ అకాడమీల 2016 నివేదిక దీన్ని లోతుగా పరిశీలించింది. దీర్ఘకాలంలో మొత్తం జీతాల మీద ప్రభావం చాలా తక్కువనీ, దెబ్బ తగిలితే అంతకుముందే వలస వచ్చినవాళ్లకూ, హైస్కూలు పూర్తి చేయనివాళ్లకూ తగలొచ్చనీ చెప్పింది. కనీస వేతనం పెంచి, కూలి ఎగ్గొట్టే యజమానిని పట్టుకుంటే ఆ నష్టాన్ని తగ్గించవచ్చు. వచ్చినవాడిని ద్వేషిస్తే ఎవరి జీతమూ పెరగదు.

గ్రీన్‌కార్డు వచ్చాక ‘వాళ్లు వేరు, మేం వేరు’ అనుకోవడం ఏరు దాటి తెప్ప తగలేసినట్టే. పైగా మనం ఏరు దాటామన్నదీ నిజం కాదు. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఓలేతలో తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు అతని వీసా చూడలేదు, ఇరాన్ మనిషనుకున్నాడు. ఉద్యోగం పోయిన హెచ్-1బీ మనిషికి ఉండే గడువు 60 రోజులే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో ఎన్ని ఇళ్లు నిద్రపోలేదో మనకు తెలుసు.

1929 నాటి ఆ నిబంధన ఇప్పటికీ చట్టంలో ఉంది. కాంగ్రెస్ గడువు తేదీని జరుపుకుంటూ వచ్చి, చివరిసారిగా 1986లో దాన్ని 1972 జనవరి 1 చేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎన్ని దశాబ్దాలు పన్నులు కట్టినా వాళ్లకు ఆ దారి లేదు. తేదీని మళ్లీ జరపాలని కాంగ్రెస్‌లో బిల్లులు పెట్టారు గానీ ఏదీ చట్టం కాలేదు. ఇటలీ, పోలండ్ తాతలకు ఇచ్చినదాన్నే ఇవాళ్టివాళ్లకూ ఇవ్వడానికి మార్చాల్సింది ఆ ఒక్క తేదీ.