పెద్దప్రేగు కాన్సరు – దీర్ఘ ఆర్.ఎన్.ఏ.ల పాత్ర

మానవ కణంలోని డి.ఎన్.ఏ. సుమారు 300 కోట్ల అక్షరాలతో లిఖింపబడిన మహాగ్రంథం వంటిది. అందులో మాంసకృత్తుల నిర్మాణానికి ఆదేశాలిచ్చే భాగం నూటికి రెండు వంతులకు మించదు. 1972లో సుసుము ఓనో అనే శాస్త్రజ్ఞుడు తక్కిన దానిలో అధికభాగాన్ని 'చెత్త'గా పేర్కొన్నాడు. అందులో కొంత చెత్త కాదని తదుపరి పరిశోధనలు తేల్చాయి. పెద్దప్రేగు కాన్సరు విషయంలో ఈ సత్యానికి గల ప్రాధాన్యాన్ని ఇచ్చట వివరింపదలచాము.

డి.ఎన్.ఏ.లోని ఆదేశాన్ని ఆర్.ఎన్.ఏ. నకలు తీసుకొనగా, దాని ననుసరించి మాంసకృత్తులు తయారవుతాయని మనం పాఠ్యపుస్తకాలలో చదివాము. కాని కొన్ని ఆర్.ఎన్.ఏ.లు మాంసకృత్తులను తయారుచేయవు. వీటిలో 200 అక్షరాలకు మించినవి దీర్ఘ సంకేతరహిత ఆర్.ఎన్.ఏ.లు. వీటిలో కొన్ని, ఏ జన్యువు మేల్కొనవలెనో, ఏది నిద్రించవలెనో నిర్ణయించడంలో పాల్గొంటాయి. కట్టడానికి ఇటుకలు మోసేవారు వేరు, పని నడిపించే మేస్త్రీలు వేరు కదా! ఇవి మేస్త్రీల వంటివి.

పెద్దప్రేగు లోపలిపొర కణాలు కొద్ది రోజులకే రాలిపోయి, వాటి స్థానంలో క్రొత్తవి పుడుతూ ఉంటాయి. ఇంత వేగంగా కణవిభజన జరిగేచోట అదుపు తప్పితే ప్రమాదం. మొదట పాలిప్ అనే చిన్న బుడిపె ఏర్పడుతుంది. అట్టివాటిలో కొన్ని అనేక సంవత్సరాల తరువాత కాన్సరుగా మారుతాయి.

ఇందుకు రెండు ఉదాహరణలు చాలును. ఎనిమిదవ క్రోమోజోములో జన్యువులు అరుదైన ఒక 'ఎడారి' ప్రాంతం కలదు. అచ్చట ఒక్క అక్షరం భేదించినవారికి ఈ వ్యాధి ముప్పు కొంచెం హెచ్చని 2007లో తెలిసింది. ఆ ఎడారినుండే సి.సి.ఎ.టి.-2 అనే దీర్ఘ ఆర్.ఎన్.ఏ. పుడుతున్నదనీ, అది కణవిభజనను పురికొల్పే 'మిక్' జన్యువును రెచ్చగొడుతున్నదనీ 2013లో వెల్లడైంది. ఇక హాటెయిర్ అనునది పన్నెండవ క్రోమోజోములో పుట్టి, రెండవ క్రోమోజోములోని జన్యువులను నిద్రపుచ్చగలదని 2007లో కనుగొన్నారు. కాలేయానికి ప్రాకిన పెద్దప్రేగు కాన్సరులో ఇది అధికంగా ఉన్నట్లు 2011లో జపాను పరిశోధకులు చూపారు.

మరి ఈ జ్ఞానం రోగికి ఏమి మేలు చేస్తుంది? పి.సి.ఎ.-3 అనే దీర్ఘ ఆర్.ఎన్.ఏ.ను మూత్రంలో కొలిచే ప్రోస్టేటు కాన్సరు పరీక్షకు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. పెద్దప్రేగు విషయంలో ఇట్టి ప్రయత్నాలు ఇంకా పరిశోధనశాలలలోనే సాగుతున్నాయి.

ఈ వ్యాధి 2022లో ప్రపంచంలో సుమారు 9 లక్షలమందిని బలిగొన్నది. అయినను బుడిపె దశలోనే గుర్తించి తొలగిస్తే దీనిని చాలవరకు నివారింపవచ్చును. మలంలో రక్తం కనబడితే మొలలని సరిపెట్టుకొని, సిగ్గుపడి దాచుకొనేవారు మన ఇండ్లలోనే ఉన్నారు. వారిని వైద్యునివద్దకు పంపడానికి పరిశోధనశాల అవసరం లేదు. చదువుకున్న విద్యార్థి ధైర్యంగా పలికే ఒక్క మాట చాలునని మా విశ్వాసం.